మల్ల దియ్యి

మొన్న గురువారం మధ్యాహ్నం ఆన్‌లైన్ క్లాసు తెరవగానే తెర మీద ఒక గడి లేచింది. "చిన్ని బయట వేచి ఉన్నారు. లోపలికి రానివ్వాలా?" అని. నా చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. చిన్ని చనిపోయి నెల దాటింది.

చిన్ని అంటే ఆడపిల్ల అనుకునేరు. డెబ్భైకి దగ్గరపడిన మగమనిషి. బట్టతల, చెవుల్లో వెంట్రుకలు, నాలుగు వీధులకు వినబడే గొంతు. బోధన్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్ క్యాజువాలిటీలో ఆయనే పెద్ద డాక్టరు, ఆయనే చిన్న డాక్టరు. క్లాసులకు వాడే ట్యాబు మాత్రం మనవరాలిది. అందులో పేరు మార్చడం ఆయనకు రాదు, మార్చాలన్న ఆలోచనా రాలేదు. అందుకని ఎక్కడో మహానగరంలో కూర్చుని పాఠం చెప్పే ప్రొఫెసర్‌గారు ప్రతి వారం ఎంతో మర్యాదగా, "చిన్నీ, దయచేసి మీ మైకు ఆపండి" అనేవారు. ఈయన అటువైపు నుంచి, "గీ చిన్ని ఎవలో గని మస్తు బేజారు చేస్తున్నది సార్" అని వంత పాడేవాడు.

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేస్తాను. మా వృత్తిలో డిగ్రీ వచ్చాక కూడా చదువు వదలదు. కొత్త సంగతులు నేర్చుకున్నట్టు ఆన్‌లైన్ క్లాసులకు హాజరవాలి, పాఠం చివర పరీక్ష పాసవ్వాలి, క్రెడిట్ పాయింట్లు కూడబెట్టాలి. అవి లేకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు. గురువారం క్లాసులో మన జిల్లా డాక్టర్లను లోపలికి రానివ్వడం, అల్లరి చేసేవాళ్ళ మైకులు మూయడం నా బాధ్యత. అంటే నా బాధ్యత మొత్తం ఈయనే.

ట్యాబును సెలైన్ స్టాండుకు ప్లాస్టరుతో అంటించేవాడు. స్టాండుకు చక్రాలుంటాయి కాబట్టి ఆయన ఏ మంచం దగ్గరికి పోతే క్లాసు కూడా అక్కడికి పోయేది. మాకు ఒక్కోసారి ఫ్యాను కనిపించేది, ఒక్కోసారి ఎవరివో బురద కాళ్ళు. కానీ వినిపించేది మాత్రం అంతా వినిపించేది. ప్రొఫెసర్‌గారు విషప్రయోగాల గురించి గంభీరంగా మాట్లాడుతుంటే మధ్యలో ఎడపల్లి నుంచి వచ్చిన వాళ్ళ మీద ఈయన కేకలు. "మందు తాగిండంటే సాలదురా, డబ్బా ఏదీ? డబ్బా తేకుంట గింతమంది ఎందుకొచ్చిండ్రు, పెండ్లికా?" అని. ఆ వారం అందరికీ గుర్తున్న పాఠం అదొక్కటే. పురుగుమందు తాగిన మనిషితో పాటు డబ్బా కూడా రావాలి.

పాఠాలంటే ఆయనకు గౌరవం లేదని కాదు. కాకపోతే ప్రతి పాఠాన్నీ బోధన్ దాకా నడిపించుకొచ్చి చూసేవాడు. మంచులో కూరుకుపోయినవాళ్ళకు చికిత్స గురించి చెబుతుంటే, "బోధన్ల మంచు ఏడున్నది సార్, ఐసుక్రీం బండిలనా?" అని అడిగాడు. సముద్రంలో లోతుకు దిగి పైకొచ్చే డైవర్ల జబ్బు గురించి చెబితే, "మా అలీసాగర్ల మునిగినోడు పైకి రానే రాడు, వస్తే గదా జబ్బు" అన్నాడు. ప్రొఫెసర్‌గారికి తెలుగు రాదు, ఈయనేమో ఇంగ్లీషు విని కూడా తెలుగులోనే బదులిచ్చేవాడు. ఏమన్నారని నన్ను అడిగేవారు. "క్లాసు చాలా బాగుందంటున్నారు సార్" అని చెప్పేదాన్ని. తరవాత ఈయన ఫోన్ చేసి, "నువ్వు మస్తు అబద్ధాలకోరువి. క్యాంపు డాక్టరమ్మ అనిపించుకున్నవ్" అనేవాడు.

క్యాంపు అంటే మా ఊరు. మా తాతలు కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూములు తీసుకుని, చందూర్ దగ్గర ఇళ్ళు కట్టుకున్నారు. అలాంటి ఊళ్ళన్నిటినీ ఇక్కడ క్యాంపులనే అంటారు. నేను ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినా ఇంట్లో మాట మాత్రం అటువైపుదే. రోగిని కూడా "ఊపిరి గట్టిగా తీసుకోండి" అంటాను. అది వింటే ఆయనకు నవ్వు. "ఊపిరి తీసుకోండి ఏందమ్మా, పేరంటానికి పిలుస్తున్నవా? దమ్ము గట్టిగ గుంజు అను, గుంజుతడు" అనేవాడు.

ఇక అసలు గొడవకు వస్తాను. ఆ గొడవంతా ఒక్క మాట దగ్గర పుట్టింది. గాబరా.

మా జిల్లాలో గాబరా అంటే భయం ఒక్కటే కాదు. గుండె దడదడలాడినా గాబరానే, చెమటలు పట్టినా గాబరానే, షుగరు పడిపోయినా గాబరానే, కోడలు ఎదురు మాట్లాడినా గాబరానే. చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చినామె "జీవ్ ఘాబరా హోతోయ్" అంటుంది. శక్కర్‌నగర్ ముసలి సాయెబు "ఘబ్రాహట్ హోరీ సాబ్" అంటాడు. మూడు భాషల వాళ్ళు ఒకే మాటను ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చెబుతారు. దాంతో బోధన్ డాక్టరు సాబ్ ఒక చట్టం చేసుకున్నాడు. గాబరా అన్నవాళ్ళెవరికైనా సరే ముందు ఈసీజీ. అది బాగానే ఉంటే, కాసేపాగి ఇంకోటి. సిస్టరు మొదటి కాగితం చింపి చేతిలో పెట్టగానే కళ్ళద్దాలు పైకి తోసి చూసి, వెనక్కి ఇచ్చేస్తూ అదే మాట. "మల్ల దియ్యి."

ఆన్‌లైన్ కోర్సులో ఆఖరి పాఠం ఒక వీడియో. నటీమణి ఎవరో పాపం, మన యాసలోనే చక్కగా "గాబరా అయితుంది డాక్టర్ సాబ్" అంటుంది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రం ఆమెకు ఆందోళనగా ఉందని పడుతుంది. అంతే. మాట అటు దాటేసరికి గుండె ఇటే ఉండిపోయింది. తరవాత ప్రశ్న. ఇప్పుడు ఏం చేస్తారు? ఎ, ఆస్పిరిన్ ఇస్తారు. బి, ఈసీజీ తీస్తారు. సి, ధైర్యం చెప్పి, నెమ్మదిగా ఊపిరి తీయించి ఇంటికి పంపిస్తారు. డి, స్కానింగుకు పంపిస్తారు. కోర్సు వాళ్ళ లెక్కలో సరైన జవాబు సి. ఈయన బి నొక్కాడు. తప్పన్నది. మళ్ళీ బి నొక్కాడు. మళ్ళీ తప్పన్నది. ఆ మీదట నాకు ఫోన్ చేసి, కోర్సు తయారుచేసినవాళ్ళ వంశాన్నంతా వరసపెట్టి పలకరించాడు.

"సార్, ముందు పేజీ చదివారా? ఈసీజీ అప్పటికే తీశారు. నార్మల్ అని రాసే ఉంది" అన్నాను.

ఆయన ముందు పేజీ చదవలేదు. ఏ ముందు పేజీనీ ఎప్పుడూ చదవలేదు. దొరికిపోయాడు అనుకుని నేను మురిసిపోతుండగా, "గయితే ఏమైంది? మల్ల దియ్యాలె" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ఒక్క పాఠం మిగిలిపోయింది ఆయనకు. నర్సింగ్ హోమ్ యజమాని అప్పటికే చెప్పేశాడు, రెన్యువల్ కాగితం లేకుండా క్యాజువాలిటీలో కూర్చోబెట్టలేనని. ఆయన్ని తప్పుపట్టలేం, రూలు అది. పాఠం పాసైతే కుర్చీ ఉంటుంది. లేకపోతే ఉండదు. ఆ మనిషికి ఆ కుర్చీ తప్ప వేరే వ్యసనం లేదు. సీరియల్ చూడడు, పేకాడడు, పండగ రోజు కూడా ఇంట్లో రెండు గంటలు కూర్చుంటే కాళ్ళు లాగుతున్నాయనేవాడు.

తరవాతి గురువారం ప్రొఫెసర్‌గారినే నిలదీస్తానని కూర్చున్నాడు. నేను మైకు మూస్తే మళ్ళీ తెరిచాడు. ఈ ఒక్కటైనా ఆయనకు వచ్చిందే అనుకున్నాను. "సార్, గాబరా అంటే మీ తాన ఏందో గని..." అని మొదలుపెట్టాడు. నేను ఇంగ్లీషులోకి మారుస్తున్నాను, ఈసారి అబద్ధం లేకుండానే. ప్రొఫెసర్‌గారు తెలివితక్కువవాడేమీ కాదు, ఓపికగానే విన్నారు. ఇంతలో దేవుడు పంపినట్టు బోధన్ క్యాజువాలిటీ తలుపు తీసుకుని ఒక ముసలామె వచ్చింది.

"ఏమైతుందే అవ్వా?"

"గాబరా అయితుంది కొడుకా."

క్లాసులో ఉన్న డాక్టర్లందరం ముందుకు వంగాం. ఆర్మూర్ డాక్టరు తింటున్న మిక్చరు కూడా పక్కన పెట్టాడు. స్టాండు గడగడమంటూ మంచం దగ్గరికి వచ్చింది. ఈసీజీ తీశారు. ఆయన ఆ కాగితాన్ని కెమెరాకు అడ్డంగా పెట్టాడు. నార్మల్. ప్రొఫెసర్‌గారు చిన్నగా నవ్వారు. "మల్ల దియ్యి." అది కూడా నార్మల్. మళ్ళీ తీశారు. అదీ నార్మలే, రక్తపరీక్షా నార్మలే. అప్పటికి అవ్వకు కొంచెం నెమ్మదించి, సిస్టరు ఇచ్చిన చాయ్ తాగుతూ అసలు సంగతి చెప్పింది. కోడలు కొత్తగా ఫ్రిజ్జు కొన్నదట. అందులో అవ్వ పచ్చడి జాడీ పెట్టనివ్వలేదట. పొద్దున్నుంచి అదే గాబరా.

క్లాసు క్లాసంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ. ప్రొఫెసర్‌గారు, "చిన్నీ, మీ రోగి సి అనే చెబుతోంది కదా" అన్నారు.

"అవు సార్, ఆమెది ఉత్త గాబరానే," అన్నాడు. "గని గది ఉత్త గాబరా అని నాకెప్పుడు ఎరుకైంది? మూడు కాయితాలు దీసినంక ఎరుకైంది. మీరు దియ్యకముందే ఎట్ల చెప్తున్నరు?"

ప్రొఫెసర్‌గారు ఆలోచించాల్సిన విషయమే అన్నారు. కోర్సు మాత్రం తన చేతుల్లో లేదన్నారు. అదీ నిజమే.

గడువు చివరి రోజు సాయంత్రం ఐదింటికి పరీక్ష పేజీ మూతపడుతుంది. ఇంకా ఒక్క అవకాశం ఉంది. మూడున్నర నుంచి ఫోన్‌లో ఆయన్ని బతిమాలుతున్నాను. "సార్, వీడియో వాళ్ళు ఏమన్నా అనుకోనివ్వండి. సి నొక్కండి. సర్టిఫికెట్టు గోడకు కొట్టి, కింద కూర్చుని మీ ఇష్టమొచ్చినన్ని ఈసీజీలు తీయండి. ఎవరడుగుతారు?" అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చింది. "నీది క్యాంపు దిమాకు" అని మెచ్చుకున్నాడు. నొక్కడానికి వేలు ఎత్తేదాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.

"నేనైతే నొక్క. సిస్టర్! ఇటు రా. గీ మూడోది నొక్కు. నా వేలు గాదు గద, దేవుడు నిన్ను జూసుకుంటడు."

సిస్టరు ప్రశ్న చదివింది. ఫోను స్పీకరులో ఉంది, నాకన్నీ వినబడుతున్నాయి. "నేను నొక్క సార్" అంది.

"ఎందుకే?"

"గాబరా అన్నోళ్ళను ఇంటికి తోలితే మీరే గద నన్ను చంపుతనన్నరు."

"ఇప్పుడు నేనే చెప్తున్న గదే!"

"గిట్లనే చెప్పి చూస్తరు, నొక్కినంక తిడుతరు. నాకు ఎరుకలేదా?"

నిజమే, అలాంటి నాటకాలాడి ఆయన ఆమెను చాలాసార్లు పరీక్షించాడు. ఆయాను పిలిచాడు. "నాకు చదువురాదు సార్, గని గాబరా అంటే మిషిని దగ్గర పండవెట్టాలె, గంతే" అని ఆమె చీపురు పట్టుకుని వెళ్ళిపోయింది. వాచ్‌మన్ ఇది ఏదో పోలీసు కేసు అనుకుని దగ్గరికే రాలేదు. నేను ఇటునుంచి కేకలేస్తున్నాను, "సార్, పాస్‌వర్డ్ చెప్పండి, నేనే నొక్కుతాను" అని. "పాస్‌వర్డు చిన్నికి ఎరుక. అది ట్యూషనుకు వోయింది" అన్నాడు. తరవాత నాకు అటువైపు నుంచి నవ్వులు వినిపించాయి. ఈయనా, సిస్టరూ ఇద్దరూ నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ పోతోందయ్యా మగడా, నవ్వులేమిటి? ఐదయింది. పేజీ మూతపడింది. తాను నేర్పిన పాఠానికి తానే బలైపోయిన మాస్టారును నేను ఆయనొక్కణ్ణే చూశాను.

"పోనీ తియ్. పోరి మంచిగ నేర్చుకున్నది" అన్నాడు ఫోన్ పెట్టేసే ముందు. గొంతులో ఎక్కడా బాధ లేదు. ఉన్నదల్లా గర్వమే. నేను మాత్రం ఆ సాయంత్రం వాష్‌రూములోకి వెళ్ళి ఏడ్చాను.

కుర్చీ పోయింది. ఆయన పోలేదు. మర్నాటి నుంచి క్యాజువాలిటీ బయట, రోగి తాలూకు వాళ్ళు కూర్చునే బెంచీ మీద మకాం పెట్టాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పేపరు. లోపల కొత్తగా ఒక కుర్ర డాక్టరు చేరాడు. బెంచీ మీదికి వచ్చిన వాళ్ళనల్లా ఈయన పలకరించేవాడు. ఎవరైనా గాబరా అంటే చాలు, గొంతు తగ్గించి పాఠం మొదలు. "లోపటికి వొయి గాబరా అనకు. ఛాతిల నొప్పి అను. గదైతేనే మిషిని వెడతడు." కొద్ది రోజుల్లో ఆ కుర్రవాడు నాకు ఫోన్ చేసి, "మేడమ్, బోధన్‌లో నీళ్ళలో ఏమైనా ఉందా? కాలు బెణికినోళ్ళు కూడా ఛాతీ నొప్పి అంటున్నారు" అని వాపోయాడు. నేను చెప్పలేదు.

గురువారం క్లాసుకు మాత్రం మానలేదు. పాయింట్లు రావు, పరీక్ష లేదు, అయినా బెంచీ మీద నుంచే చేరేవాడు. "చిన్నీ, దయచేసి మైకు ఆపండి" అని ప్రొఫెసర్‌గారు అనేవారు. ఆయన గొంతులో కూడా ఇప్పుడు ముద్దు వినిపించేది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం బెంచీ మీద కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నాడట. సిస్టరు చూసి, "ఏమైతుంది సార్?" అని అడిగింది.

"ఏం లేదు, గ్యాసు."

"ఈసీజీ దీద్దామా?"

"నాకెందుకే? మిర్చి బజ్జీలు తిన్న. గ్యాసు."

ఆటో ఎక్కి ఇంటికి పోయాడు. పడుకున్నాడు. లేవలేదు. గుండె అని అందరూ అన్నారు. నేనూ అదే అనుకుంటున్నాను. తీయని ఈసీజీలో ఏముందో ఎవరికి తెలుసు?

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఊరందరి గాబరాను మూడేసి సార్లు తీయించిన మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి ఒక్కటి తీయించుకోలేదు. ఊరివాళ్ళకు గాబరా ఉన్నట్టు డాక్టర్లకు గ్యాసు ఉంటుంది కాబోలు, అన్నీ అందులోనే వేసేస్తాం. ఇంటి ముందు టెంటు కింద సిస్టరు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఇన్నేండ్లు ఎవ్వరి నోటిమాట నమ్మకే అని తిట్టి తిట్టి నేర్పిండు మేడమ్. గా ఒక్కనాడు ఆయన నోటిమాట నమ్మిన" అని ఏడ్చింది. పక్కన కూర్చున్నాను.

అదీ సంగతి. అందుకే మొన్న చిన్ని బయట వేచి ఉన్నారని తెర మీద రాగానే టీ చల్లారిపోయింది. లోపలికి రానిచ్చాను. ఒక ఇంటి పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. తరవాత ఒక చిన్న బొటనవేలు కెమెరాకు అడ్డం వచ్చింది. ఎవరో ఆడపిల్ల "అరె!" అంది. గడి మాయమైంది. ట్యాబు అసలు యజమానికి చేరిందన్నమాట. ప్రొఫెసర్‌గారు కొంచెంసేపు పాఠం ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు.

నా రెన్యువల్ కూడా దగ్గరపడింది. అదే కోర్సు, అదే ఆఖరి పాఠం. క్లాసు అయిపోగానే కూర్చున్నాను. అదే నటి, "గాబరా అయితుంది డాక్టర్ సాబ్." నేను ముందు బి నొక్కాను. ఎందుకంటే చెప్పలేను, వేలు అటే పోయింది. ఎర్రక్షరాలు వచ్చాయి. "తప్పు. మళ్ళీ ప్రయత్నించండి." మళ్ళీ అట! ఎమర్జెన్సీలో ఒక్కదాన్నే పకపకా నవ్వుతుంటే మా సిస్టరు కంగారుగా తొంగిచూసింది. తరవాత బుద్ధిగా సి నొక్కాను. పచ్చక్షరాలు వచ్చాయి. నాకు కుర్చీ కావాలి, నేను క్యాంపు దిమాకుదాన్ని.

నా ట్యాబు పక్కన పెట్టానో లేదో మా చందూర్ వైపు క్యాంపు రైతు ఒకాయన లోపలికొచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, వెనకాల కంగారుగా భార్య. "ఏం లేదమ్మా, గ్యాసండి. ఈవిడే ఊరుకోకుండా లాక్కొచ్చింది" అన్నాడు.

పడుకోబెట్టి ఈసీజీ తీయించాను. నార్మల్. పెద్దాయన అప్పుడే కాళ్ళు కిందికి దించి చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. "చెప్పానా, గ్యాసేనని" అని భార్యను కసిరాడు. మా సిస్టరు ఆయన చేతికున్న క్లిప్పు తీయబోయింది.

"మల్ల దియ్యి" అన్నాను.

సిస్టరు చెయ్యి ఆగింది. "ఏమన్నరు మేడమ్?" అంది. పెద్దాయన కూడా, మన క్యాంపు పిల్ల ఇదేం మాట అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

"మల్ల దియ్యమన్న" అన్నాను.

ఆయన కాళ్ళు మళ్ళీ మంచం మీదికి పెట్టాడు. సిస్టరు మిషను నొక్కింది.